నలుపు తెలుపు చాలు!

'ఇంట్లో ప్రింటరెందుకండీ... వీధి చివర జెరాక్స్ షాపు ఉందిగా!' అనేవాళ్లే ఎక్కువ. నిజమే, ఏడాదికి నాలుగు కాగితాలతో సరిపోయేవాళ్లకి షాపే మేలు. కానీ ఆ నాలుగూ ఇప్పుడు నలభై అయ్యాయి. పిల్లల వర్క్‌షీట్లు, హాల్‌టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ నకళ్లు... ప్రతిదానికీ షాపతని వాట్సప్ నంబరుకి ఫైలు పంపాల్సిందే. పనయ్యాక మన ఆధార్, పాన్, ఇంటి దస్తావేజు ఆ ఫోన్లోనే ఉండిపోతాయి. అతను మంచివాడే కావచ్చు. ఆ ఫోను ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో మనకేం తెలుసు?

మా ఇంట్లో మాత్రం ప్రింటరు కోసం పట్టుబట్టింది నాన్న. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలిద్దరికీ, పక్క సందులోని మరో ఆరుగురికీ సాయంత్రాలు పాఠాలు చెబుతారు. వారానికో మోడల్ పేపరు పెట్టందే ఆయనకి తోచదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు స్టెన్సిల్ మీద ప్రశ్నలు రాసి, సైక్లోస్టైల్ మెషీన్ తిప్పి పేపర్లు తీసిన మనిషి! 'ఎనిమిది మందికి నాలుగేసి పేజీలు... వారానికి 32. పేజీకి రెండు రూపాయల చొప్పున నెలకి 256 రూపాయలు' అని లెక్క తేల్చారు. డబ్బు కన్నా ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. షాపు తీయలేదని ఓ ఆదివారం పరీక్ష ఆగిపోయింది.

అంతకుముందు మా ఇంట్లో ఓ ఇంక్‌జెట్ ఉండేది. కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చింది. కంపెనీ పేరెందుకులెండి! వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి ఇంకు ఎండిపోయేది. వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల్లోంచి చిమ్మే ద్రవం కదా, వాడకపోతే అక్కడే గడ్డకడుతుంది. శుభ్రం చేయమని మీట నొక్కితే ఆ శుభ్రానికే బోలెడు ఇంకు ఖర్చు. రంగు ఫొటోలు కావాలన్నా, రోజూ వాడకం ఉన్నా ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లు మంచివే. నెలకోసారి తీసేవాళ్లకి మాత్రం ఈ బెడద తప్పదు.

లేజర్‌లో ఎండిపోవడానికి ద్రవమే లేదు. టోనర్ అంటే నల్లటి ప్లాస్టిక్ పొడి. డ్రమ్ మీద లేజర్ కిరణం అక్షరాలు గీస్తుంది. స్థిర విద్యుత్తుతో పొడి అక్కడ అంటుకుని కాగితం మీదకి చేరుతుంది. సుమారు 200 డిగ్రీల వేడి రోలరు దాన్ని కరిగించి అతికిస్తుంది. అందుకే కాగితం వెచ్చగా బయటికొస్తుంది, నీటిచుక్క పడినా అక్షరం చెదరదు. దీనికి మూలం జెరాక్సే! 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన పలకని రుమాలుతో రుద్ది తొలి నకలు తీశాడు. ఆ పద్ధతికి లేజర్‌ని జోడించింది జెరాక్స్ కంపెనీ ఇంజినీరు గ్యారీ స్టార్క్‌వెదర్. 1984లో హెచ్‌పీ తెచ్చిన తొలి లేజర్‌జెట్ ధర 3,495 డాలర్లు. ఆ యంత్రమే ఇప్పుడు మన బల్ల మీదకొచ్చింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దుకాణానికి వెళ్లాం. అబ్బాయి ముందుగా రంగుల ఆల్ ఇన్ వన్ చూపించాడు. నాన్న దాన్ని చూడనేలేదు. 'టోనర్ ఎంత బాబూ? ఎన్ని పేజీలొస్తాయి? డ్రమ్ అందులోనే ఉంటుందా, విడిగా కొనాలా?' అని అడిగారు. ప్రింటరు ధర ఒకసారే ఇస్తాం, టోనర్ ధర ఇస్తూనే ఉంటాం కదా!

ఈ ప్రశ్నలు మీరూ అడగండి. జెరాక్స్ షాపుల్లో ఏళ్ల తరబడి నలిగిన హెచ్‌పీ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900లలో డ్రమ్ కాట్రిడ్జ్‌లోనే ఉంటుంది. అది సుమారు 2,000 పేజీలిస్తుంది. బ్రదర్ ఎల్2321డిలో టోనర్ 2,600 పేజీలు, డ్రమ్ విడిగా 12,000 పేజీలు. ఉదాహరణకి 1,300 రూపాయల టోనర్ 2,600 పేజీలిస్తే పేజీకి అర్ధరూపాయి. కాగితం, డ్రమ్ ఖర్చు దీనికి అదనం. అయితే ఈ అంకెలు పేజీలో దాదాపు 5 శాతం మేర అచ్చు ఉంటేనే. నల్లటి బొమ్మలు వేస్తే తగ్గుతాయి. చాలా మోడళ్లలో పెట్టెతో వచ్చే తొలి టోనర్‌లో పొడి తక్కువే ఉంటుంది. అదీ అడగాలి. రెండువైపులా తనే అచ్చువేసే డ్యూప్లెక్స్ ఉంటే కాగితం ఖర్చు సగం. ఫోన్ నుంచే తీయాలంటే వైఫై ఉన్నది కొనాలి. మాకు కంప్యూటర్ ఉంది, కేబుల్ చాలనుకున్నాం. మన ఊళ్లో ఆ టోనర్ దొరుకుతుందా, బాగుచేసేవాళ్లు ఉన్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం.

ఇంకో మాట. రోలరు వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. కాబట్టి కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించొద్దు, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. వానాకాలంలో కాగితాలు చెమ్మగిల్లితే ఇరుక్కుంటాయి, ప్యాకెట్ మూసి ఉంచండి. పొడి బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతో ఉతకాలి. వేడినీళ్లు పోస్తే అంటుకుపోతుంది.

ప్రింటరొచ్చిన ఆదివారమే నాన్న పరీక్ష పెట్టారు. జెరాక్స్‌లో అన్నీ ఒకేలా వస్తాయి. ఇక్కడ ఒక్కో ప్రతికీ పేరు మార్చుకోవచ్చని కనిపెట్టి, ప్రతి పేపరు పైనా ఆ పిల్లవాడి పేరు అచ్చువేశారు. లెక్కలంటే భయపడే వాచ్‌మన్ కూతురు చాలాసేపు పేపరు తిప్పలేదు. 'ఏమ్మా, ప్రశ్న అర్థంకాలేదా?' అన్నారు నాన్న.

'కాదు సార్... నా పేరు పుస్తకంలోలా ఉంది' అంది. ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.