ఒక్క వేలితో చూపించే నొప్పి

నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే, అరచేత్తో కాలంతా నిమిరి చూపించేవాళ్ళ గురించి నాకు పెద్దగా బెంగ ఉండదు. మోకాలికీ చీలమండకీ మధ్య ఒక్క వేలు తీసుకెళ్ళి ఒకే చోట ఆనించి "గిక్కడ మేడం" అన్నారంటేనే భయం. ఆ వేలి కింద కండ ఉండదు. తోలు, దాని కింద ఎముక, అంతే. టిబియా అనే ఈ ఎముక లోపలి అంచు ఒళ్ళంతటిలోకీ దిక్కులేని చోటు. మంచం కోడు తగిలితే ప్రాణం పోయినట్టుండేది అందుకే. ఎముకకు నొప్పి ఉండదనుకుంటారు చాలామంది. దాన్ని చుట్టి ఉండే పలచని పొర నిండా నరాలే.

తార్నాకలో ఫిజియోథెరపీ క్లినిక్ నాది. ఉస్మానియా యూనివర్సిటీ గేటు నడిచి వెళ్ళేంత దూరం. మా ఇంటిపేరు తెలియనివాళ్ళు కూడా ఏ నెలలో ఏ కీలు నా దగ్గరికి వస్తుందో చెప్పగలరు. వానలు పడితే క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్ళే పెద్దవాళ్ళు జారి, చెయ్యి ఆనించి పడి, మణికట్టు కట్టుతో వస్తారు. ఏడాది పొడుగునా రిటైరైన బస్సు డ్రైవర్ల నడుములు ఉండనే ఉంటాయి. ఆర్టీసీ ఆసుపత్రి ఇక్కడే కాబట్టి ఈ చుట్టుపక్కల వాళ్ళు ఎక్కువ. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిందంటే మాత్రం అందరినీ పక్కకు నెట్టేసి పిల్లల కాళ్ళు వస్తాయి.

తెల్లవారుజామున ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నిలబడి చూడండి. మాణికేశ్వర్ నగర్, అడిక్‌మెట్, విద్యానగర్ గదుల్లోంచి, హాస్టళ్ళలోంచి గుంపులు గుంపులుగా వచ్చి పరుగెడుతుంటారు. పోలీసు ఉద్యోగానికి పెట్టే దేహదారుఢ్య పరీక్షలు వాళ్ళ భాషలో 'ఈవెంట్స్'. 2018లో మగపిల్లలు 800 మీటర్లు, ఆడపిల్లలు 100 మీటర్లు పరుగెత్తితే సరిపోయేది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. ఆడవాళ్ళకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు అన్నారు. పెద్ద దూరమేం కాదు. కానీ అంతవరకూ కుర్చీలో కూర్చుని జనరల్ స్టడీస్ బట్టీ పట్టిన కాళ్ళు, ప్రిలిమ్స్ ఫలితం రాగానే మర్నాటి నుంచే రెండు పూటలా సిమెంటు రోడ్డెక్కుతాయి. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతలు ఆ ఒక్క కాలి మీద పడుతుంది.

ఎముక దీన్ని ఊరికే భరించదు, తనను తాను మార్చుకుంటుంది. ఎక్కడ బరువు పడితే అక్కడ ఎముక గట్టిపడుతుందని బెర్లిన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. చిక్కంతా వరసలో ఉంది. గట్టిపడే ముందు పాత ఎముకను తొలిచే కణాలు దిగుతాయి. వాటి పని రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఆ గుంతలు పూడ్చే కణాలకు మూడు నెలలు కావాలి. మన వీధుల్లో పైపు కోసం రోడ్డు తవ్వి, మళ్ళీ తారు పోసేలోపు బస్సులన్నీ దాని మీదే పోతుంటాయి చూశారా, అలాగన్నమాట. అందుకే మొదటివారంలో ఎవరూ రారు. మూడో వారం, నాలుగో వారం వస్తారు. ఊపిరి కుదురుకుంది, టైమింగ్ మెరుగుపడింది, కోచ్ మెచ్చుకుంటున్నాడు. ఎముక మాత్రం అప్పుడే అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది.

ఇది కొత్త జబ్బు కాదు. కవాతు చేసిన సైనికుల పాదాలు వాచిపోవడం గురించి ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లో రాశాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఆ తర్వాత గానీ అది పాదంలోని సన్న ఎముకల్లో చీలిక అని తేలలేదు. అప్పుడు సైన్యంలో చేరాక విరిగేవి, మనవాళ్ళకు ఉద్యోగం రాకముందే విరుగుతున్నాయి.

"ఎక్స్‌రే తీపిచ్చుకున్న మేడం, ఏం లేదన్నరు."

ఈ వాక్యం విన్నప్పుడల్లా నాకు చిరాకు. తీసినవాళ్ళ తప్పు కాదది. వెంట్రుకలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడదు. చుట్టూ కొత్త ఎముక కాస్త పోసుకున్నాకే నీడ పడుతుంది. ఎమ్మారైలో ముందే తెలుస్తుంది గానీ గది అద్దెకే తడుముకునే పిల్లను ఎమ్మారై తీయించుకోమనడానికి నోరు రాదు. అందుకని ముందు నా వేళ్ళనే నమ్ముకుంటాను. అంచు పొడుగునా నాలుగైదు అంగుళాలు నొప్పి, పరుగు మొదలుపెట్టినప్పుడు ఎక్కువై ఒళ్ళు వేడెక్కాక తగ్గితే, అది కండ ఎముకను పట్టుకునే చోట రేగిన నొప్పి. పరుగు తగ్గించి, పిక్కలకు బలం పెంచితే దారికొస్తుంది. ఒకే బిందువులో నొప్పి, పరుగు సాగేకొద్దీ పెరగడం, రాత్రి పడుకున్నా గుంజడం, ఒంటికాలి మీద గెంతమంటే మొహం ముడుచుకోవడం ఉంటే నేరుగా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికే పంపిస్తాను. ఆ బిందువు టిబియా ముందువైపు మధ్యలో ఉంటే మరీ త్వరగా. అక్కడ ఎముక అడుగడుగునా సాగదీసినట్టవుతుంది, రక్తమూ తక్కువ అందుతుంది. చీలిక అతుక్కోక ఎముక పూర్తిగా విరిగిన సందర్భాలున్నాయి.

ఎక్స్‌రే మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బైకు మీంచి పడి చెయ్యి ఆనించిన కుర్రాళ్ళు, బొటనవేలి మొదట్లో గుంటలా ఉండే చోట నొక్కితే ఉలిక్కిపడుతుంటారు. అక్కడ స్కాఫాయిడ్ అని జీడిపప్పంత ఎముక. దానికి రక్తం వేళ్ళ వైపు కొసనుంచి లోపలికి వస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు తిండి ఆగిపోతుంది. ఇదీ మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. "బెణుకే కదా" అని వదిలేస్తే ఏళ్ళ తర్వాత మణికట్టు అరిగిపోయి వస్తారు. కట్టువేసి, పది పన్నెండు రోజులకు మళ్ళీ ఫొటో తీయించుకోమని గట్టిగా చెబుతాను.

నా దగ్గరికి వచ్చేముందే సగంమంది ఎక్కడో మర్దన చేయించుకునో, పుత్తూరు కట్టు వేయించుకునో వస్తారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు పేరుతో నగరంలో ఎన్ని బోర్డులో లెక్కలేదు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో ఎముకను కదలకుండా ఉంచడం తెలివైన పనే. దాన్ని ఎగతాళి చేసే డాక్టర్లతో నేను ఏకీభవించను. కాకపోతే కట్టు బిగుసుకుని వేళ్ళు చల్లబడితే, తిమ్మిరెక్కితే అర్ధరాత్రయినా విప్పించాలి. కండలకు రక్తం ఆగితే కొన్ని గంటల్లోనే చెయ్యి చేతికి రాకుండా పోతుంది. చీలిక మీద నూనె మర్దన మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోను.

ఆడపిల్లలను ఇంకో ప్రశ్న అడుగుతాను, తలుపు దగ్గరికి వేసి. నెలసరి సరిగ్గా వస్తున్నదా? బరువు తగ్గితే పరుగు తేలికవుతుందని రాత్రి అన్నం మానేసినవాళ్ళుంటారు. మూడు నెలల నుంచి రాలేదు, పరుగుకు అదే సుఖంగా ఉందని చెప్పిన అమ్మాయిలున్నారు. తిండి చాలకపోతే ఒంట్లో ఈస్ట్రోజన్ పడిపోతుంది, దాంతో ఎముకను తొలిచే కణాలకు అడ్డూ అదుపూ ఉండదు. నేను చూసే చీలికల్లో చాలావాటికి మూలం బూట్లు కాదు, మెస్సులో వదిలేసిన పళ్ళెం.

ఇదంతా జాతీయ పోషకాహార సంస్థకు కూతవేటు దూరంలో జరుగుతోంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికొచ్చిన సంస్థ అది. నల్లగొండ పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడానికి నీళ్ళలోని ఫ్లోరైడుతో ఉన్న సంబంధాన్ని 1973లో ప్రపంచానికి చెప్పినవాళ్ళు ఈ సంస్థ శాస్త్రవేత్తలే. పెద్దవాళ్ళకు రోజుకు 600 మిల్లీగ్రాములు చాలనుకున్న కాల్షియంను 2020లో 1000కి పెంచిందీ వాళ్ళే. నూరు గ్రాముల రాగుల్లోనే 350 దాకా ఉంటుంది. మా పిల్లలకు ఈ లెక్క చెబితే "బిళ్ళ లేదా మేడం?" అంటారు. బిళ్ళ ఉంది. కానీ అది చీలికను పది రోజుల్లో అతికించదు.

పేచీ అంతా అక్కడే. పిల్లలది పోలీసు నియామక బోర్డు ఇచ్చిన తేదీ, ఎముకది దాని సొంత లెక్క. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానేయమంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "ఇంక నెలే ఉన్నది మేడం, గా ఒక్క దినం ఉరికితే చాలు" అంటారు. అందుకని పూర్తిగా కూర్చోబెట్టను. ఊపిరి పోకుండా సైకిలు తొక్కిస్తాను, ఈవెంట్స్‌లో గుండు విసిరే చేతికి, నడుముకు బలం పెంచుతాను. నొప్పి లేకుండా నడిచాక, గెంతాక, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అదీ రోజు విడిచి రోజు, మట్టి మీద. నొప్పి వస్తే వెనక్కి ఒక మెట్టు.

మొన్న ఒక కోచ్ తన గుంపులోంచి ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. ఇంకా ఎవరికీ నొప్పి లేదట. ప్రిలిమ్స్ కన్నా ముందే మొదలుపెట్టిస్తున్నానన్నాడు. ఎట్లా పెంచాలో రాసివ్వమన్నాడు. రాశాను. మూడో వారం గడిని ఖాళీగా వదిలితే, "ఇక్కడ మర్చిపోయిన్రు మేడం" అని వేలు పెట్టి చూపించాడు. ఆ వారం విశ్రాంతి, కావాలనే వదిలానన్నాను. ఒప్పుకోలేదు. పావుగంట బేరమాడి చివరికి ఆ వారానికి నాలుగు పూటల దగ్గర తెగ్గొట్టాం.