ఇనుప పెట్టెకు కొలత కాగితము

కంసాలికి నగ పురమాయించునప్పుడు మనలో నెవ్వరును "మంచి గొలుసొకటి చేయుము" అని యూరకుండరు. బంగారమెంత, వన్నె యెంత, తరుగెంత, కూలి యెంత అని ముందే తేల్చుకొందుము. ఇనుప రేకుతో పెట్టె చేయించుటకును ఆ జాగ్రత్తయే కావలెనని మాకీ నడుమ అనుభవమునకు వచ్చినది.

మేము ముగ్గురము తోడికోడండ్రము. ఇంట వడియములు, అప్పడములు చేసి యమ్ముచుందుము. వానకాలమున సరకు బూజు పట్టుచుండుటచే, విద్యుత్తుతో వేడిగాలి నిచ్చు బీరువా నొకదానిని చేయించుకొంటిమి. దానిని చూచి తమకును కావలెనని పలువురు అడిగిరి. 25 బీరువాలకు బయానా వచ్చినది. థర్మోస్టాటు, ఫ్యూజులు, స్విచ్చీలు బిగించుటకు వానికి ఇనుప పెట్టెలు కావలెను. హైదరాబాదున బాలానగరు కార్ఖానాలలో ఇట్టివి చేయుదురు. ఒకచోట, ఫోనులో మా మాట వినగానే, "ఇంటిలో మగవారుంటే మాట్లాడించండి" అనిరి. కొలతలు సరిగానున్న కాగితమునకు గొంతుతో పనిలేదు గదా యని, మేము దానినే సిద్ధము చేయ బూనితిమి.

ముందుగా లోపల అమరు వస్తువులన్నింటిని బల్లపై పరచి, తీగలు వంగుటకు చోటు విడిచి కొలిచితిమి. వెలుపలి కొలతలు 300 మి.మీ. పొడవు, 200 వెడల్పు, 120 లోతు అని తేలెను. కొలత వెలుపలిదో లోపలిదో వ్రాయనిచో, వస్తువు పట్టక పోవచ్చును.

మాలో చిన్నామె కంప్యూటరుపై గీయనేర్చినది. ఆమె మూడు ఫైళ్ళు చేసెను. మడచిన పెట్టె నిండురూపము స్టెప్ ఫైలు. రేకును కత్తిరించు గీతలు డి.ఎక్స్.ఎఫ్. ఫైలు. మనిషి చదువుకొనుటకు కొలతలతోడి పటము పి.డి.ఎఫ్. మూడింటికిని ఒకే పేరు, ఒకే తేదీ. లేజరు యంత్రము గీసిన గీతనెల్ల కోయును గనుక, కోతగీతలలో అక్షరములు గాని, ఒకదానిపై నొకటి పడిన గీతలు గాని ఉండరాదు. కొలమానము మిల్లీమీటరని స్పష్టముగా వ్రాయవలెను. అంగుళములని తలచినచో వస్తువు 25.4 రెట్లగును.

రవికెకు కుట్టుపట్టు విడుచుట మనకు తెలిసినదే. రేకునకును అట్టి లెక్క గలదు. మడచినచోట రేకు సాగును. ఎంత సాగునో రేకు మందమును, మడతయంత్రపు పనిముట్లను బట్టి యుండును. కావున పరచిన కొలతలను తమ పనిముట్లకు తగినట్లు సవరించుకొనుడని కార్ఖానావారికి వ్రాసితిమి. మడతకు మిక్కిలి దగ్గరనున్న రంధ్రము వికారమగును గనుక వానిని దూరముగా నుంచితిమి.

రేకు మందమును గేజిలో చెప్పుట మంచిది కాదు. 16 గేజి యన్నచో అమెరికా ఉక్కు లెక్కలో సుమారు 1.52 మి.మీ., బ్రిటీషు లెక్కలో 1.63, అమెరికా అల్యూమినియము లెక్కలో 1.29. మేము 1.2 మి.మీ. ఉక్కు రేకని వ్రాసితిమి. ఆరు ముఖములును కలిసి 0.24 చదరపు మీటరు. అనగా మడతల అంచులు కాక సుమారు 2.26 కిలోల ఉక్కు. ఈ లెక్క చేతనుండుటచే రేకు వెల ఎంతలో నుండవలెనో మాకు ముందే తెలిసినది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు బోల్టు. పౌడరు కోటింగు విద్యుత్తును పోనీయదు. కావున బోల్టు బిగించుచోట పూత వేయరాదనియు, తలుపునకు వేరుగా ఎర్తు తీగ బోల్టు ఉండవలెననియు పటముపై గుర్తు పెట్టితిమి. ఈ గుర్తు లేనిచో, లోపలి తీగ ఊడి రేకునకు తగిలిననాడు తడిచేతితో తలుపు తీయు ఇల్లాలి ప్రాణమునకే ముప్పు.

పిదప 1, 10, 25 పెట్టెలకు వేర్వేరు ధరలను కోరితిమి. యంత్రమును సిద్ధపరచు శ్రమ ఒక పెట్టెకైనను, పాతికకైనను ఇంచుమించు ఒకటే గనుక సంఖ్య పెరిగినకొలది ఒక్కింటి వెల తగ్గును. కోత, మడత, అతుకు, పూత, బందులు, తాళము, పన్ను, రవాణా విడివిడిగా చూపుడంటిమి. కొలతలలో మిక్కిలి ఖచ్చితము వస్తువులు బిగించు రంధ్రములకే కోరితిమి. అంతటను కోరినచో ఖర్చు ఊరక పెరుగును.

మూడు కార్ఖానాలు బదులు వ్రాసినవి. మగవారిని ఎవ్వరును అడుగలేదు. తాళము కుడివైపుననా, ఎడమవైపుననా యని మాత్రమే అడిగిరి. అన్నిటికంటె తక్కువ ధరలో పూత కలియలేదని, విడివిడి పద్దులుండుటచే వెంటనే కనబడెను. మొదట ఒక్క పెట్టెనే చేయించి, సామగ్రి యంతయు అమరిన పిదప తక్కిన 24 పురమాయించితిమి. చిన్న పరిశ్రమ పెట్టదలచిన సోదరీమణులు, ధర యడుగుటకు ముందు కొలతలను కాగితముపై పెట్టుకొందురుగాక.