గుసగుసల్లో పోట్లాట

"నాలుగు రోజులు అడవిలో ఉండొద్దామే అక్కా" అని మా చెల్లెలంటే, పాపం, రెండు నేతచీరలు, ఒక శాలువా సర్దుకుని వనవాసానికి సిద్ధపడ్డాను. తీరా చూస్తే వాకిట్లో మంచం, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి, కుళాయి అన్నీ ఉన్న బస్సు నిలబడి ఉంది! ఆర్‌.వి. అంటారట. అద్దెకి తెచ్చాడు మా మరిది. సీతమ్మకి ఇలాంటిదొకటి ఉంటే తలుపు గడియ పెట్టుకునేది కదా అనుకున్నాను.

మేం వెళ్ళింది మిన్నెసోటా రాష్ట్రంలోని ఇటాస్కా పార్కు. 1891లో ఏర్పడిందట. మిసిసిపీ నది పుట్టిల్లు అదే. సెప్టెంబరు కావడంతో పెద్దగా జనం లేరు. ఎటు చూసినా మెడలు నొప్పెట్టేంత ఎత్తు పైన్ చెట్లు. మరిది కట్టెల మోపు కొనుక్కొచ్చాడు. అడవిలో కట్టెలు కొనడమేమిటయ్యా అంటే, ఇక్కడ కింద పడ్డ పుల్లయినా ఏరకూడదు వదినా అన్నాడు. ఇంటినుంచి తేవడమూ కుదరదట, వాటివెంట చెట్లను తినే పురుగులొస్తాయని.

బండికి మూడు టాంకులు. ఒకటి మంచినీళ్ళది, ఒకటి కడిగిన నీళ్ళది, మూడోదాని సంగతి మీరే ఊహించుకోండి. నేను ధారాళంగా బియ్యం కడుగుతుంటే చెల్లెలు గోడమీది మీటరుకేసి చూసింది. అచ్చం వీధి కుళాయి దగ్గర అమ్మ చూసే చూపే!

అమ్మ 2020 మే నెలలో పోయింది. అప్పుడు విమానాలు లేవు. అంతా ఫోన్లోనే చూసింది చెల్లెలు. ఇక్కడ మేమంతా గొల్లుమంటుంటే అటునుంచి చిన్న ఏడుపు కూడా వినపడలేదు. అది నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

రాత్రి పది దాటింది. ఆ వేళ అక్కడ ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. మంట దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఉన్నట్టుండి చెరువు వైపునుంచి ఆడమనిషి ఏడ్చినట్టు కూత! ఉలిక్కిపడ్డాను.

"లూన్ పక్షిలే అక్కా."

"పక్షికున్న ఏడుపైనా నీకు లేకపోయింది" అనేశాను.

మామూలుగా మేం పోట్లాడుకుంటే వీధి వీధంతా వినాల్సిందే. కానీ పక్క బండిలో ముసలి దంపతులు దీపం ఆర్పేసి పడుకున్నారు. మీరెప్పుడైనా గుసగుసల్లో పోట్లాడారా? ఊపిరి చాలదు. మాటకీ మాటకీ మధ్య ఆగాల్సి వస్తుంది. అలా ఆగినప్పుడే అంది:

"మ్యూట్ చేశానక్కా. అన్నీ నువ్వొక్కదానివే చూసుకోవాలి. నా ఏడుపు కూడా వింటే నువ్వు నిలబడలేవని..."

నవలలో అయితే ఇలాంటి చోట పేజీన్నర సంభాషణ రాసేదాన్ని. "మంచు పడుతోంది, లోపలికి పద" అన్నాను. ఆ రాత్రి ఎన్నిసార్లు మొహాలు కడుక్కున్నామో లెక్కలేదు.

పొద్దున్నే రాళ్ళమీద అడుగులేస్తూ, దాని చెయ్యి పట్టుకుని మిసిసిపీ దాటాను. అక్కడ మోకాటిలోతు పిల్లకాలువే అది.

తిరిగొచ్చేసరికి మరిది మీటరు ముందు నిలబడి ఉన్నాడు.

"నిన్ననే నింపానే! ఇన్ని నీళ్ళూ ఏమయ్యాయి వదినా?"

చెల్లెలు తల వంచుకుంది.

"బియ్యం కడిగానయ్యా" అన్నాను.