తాళం ఎవరి చేతిల ఉండాలె?



మా సిర్గాపూర్ దిక్కు తండాలల్ల అమ్మానాయినలు చెరుకు కొట్టనీకె పోతే ఇంట్ల కాగితాలు చూసెటోళ్లు ఉండరు. స్కాలర్‌షిప్ తారీఖు దగ్గరపడితే కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఉరుకులాట. అందుకే హాస్టల్‌ల మేము కొందరం ఒక పాత కంప్యూటర్‌ల లినక్స్ వేసి, అడిగిన పిల్లల కాగితాలు స్కాన్ చేసి దాస్తున్నం.

"మనమంతా ఒక్కటే కదా, ఒకే పాస్‌వర్డ్ చాలు" అన్నరు కొందరు. మేము ఒప్పుకోలే. ఒకే పాస్‌వర్డ్ అయితే లోపలికి ఎవరొచ్చిండ్రో తెల్వది. ఆధార్ ఉన్న కాగితం ఒక్కసారి బయటపడితే వెనక్కి తీసుకోలేం.

అందుకే ఎవరి అకౌంట్ వాళ్లదే. సుడో అధికారం ఇద్దరికే. ఫోల్డర్‌కు 750 పెట్టినం: ఓనర్‌కు అన్నీ, గ్రూప్‌కు చూసుడు మాత్రమే, బయటోళ్లకు సున్నా. లాగిన్ ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే. ప్రైవేట్ కీ మన లాప్‌టాప్ దాటదు, సర్వర్‌ల పబ్లిక్ కీ మాత్రమే ఉంటది. కీ పనిచేస్తుందని ఇంకో విండోల చూసుకున్నంకనే పాస్‌వర్డ్ లాగిన్, రూట్ లాగిన్ బంద్ చెయ్యాలె. లేకుంటే మనమే బయట నిలబడ్తం. ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇయ్యాలె.

ఈ ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే దొంగతనం వల్ల. ఫిన్లాండ్‌ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌ల పాస్‌వర్డ్‌లు దొంగిలించిండ్రు. దాంతో టాటు యులోనెన్ 1995ల దీన్ని రాసిండు.

నమ్మకం సంగతి కూడా చెప్పాలె. 2024 మార్చిల ఎక్స్‌జెడ్ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్‌ల దొంగదారి బయటపడ్డది. పెట్టింది బయటోడు కాదు, రెండేండ్లు పనిచేసి నమ్మకం సంపాదించిన మనిషే. లాగిన్ అర సెకను ఆలస్యమైతుందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానపడి తవ్వితే దొరికింది. అంటే మంచోళ్లున్న కాడ కూడ చూసెటోళ్లు ఉండాలె. మేము వారానికోసారి లాగిన్ లాగ్ చూస్తం, అప్‌డేట్లు వేస్తం.

కష్టమైన పని ఇంకోటి ఉన్నది. మాకు లినక్స్ నేర్పిన అన్న ఈ ఏడు చదువు అయిపోయి పోతుండు. పాస్‌వర్డ్ లాక్ చేస్తే సరిపోదు, కీతో రావచ్చు. అకౌంట్ గడువే ముగించాలె. "అన్నా, నీ అకౌంట్ తీసేస్తున్నం" అననీకె మాకు నోరు రాలే. ఆయన్నే అడిగిండు: "నాది తీసిండ్రా?"

వేరే హాస్టళ్లల్ల ఇట్ల చేసేటోళ్లుంటే ముందు ఒక లిస్టు రాసుకోండ్రి: తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నయి, ఎప్పుడు తిరిగి తీసుకోవాలె. కాగితాలు మనయి కావు, పిల్లలయి. వాళ్లు తీసెయ్యమంటే ఆ దినమే తీసెయ్యాలె.