రాకెట్ పట్టని టెన్నిస్ ఎల్బో

మా అమ్మకి టెన్నిస్ ఎల్బో అని డాక్టర్ చెప్పగానే నాకు నవ్వొచ్చింది. 2004లో సచిన్‌ని మ్యాచ్‌లకి దూరం చేసిన నొప్పి అది. అమ్మ జీవితంలో షటిల్ రాకెట్ కూడా పట్టలేదు. "ఏ పని చేస్తే ఎక్కువవుతోందమ్మా?" అని డాక్టర్ అడిగితే, "దుప్పట్లు పిండినప్పుడండీ" అంది. నా నవ్వు ఆగిపోయింది. ఆ దుప్పట్లు నావి. రెండు వారాలకోసారి హాస్టల్ నుంచి బ్యాగ్ నిండా మోసుకెళ్ళేది నేనే.

మణికట్టుని పైకి లేపే కండరాల టెండన్ మోచేతి బయటి ఎముకకి అతుక్కునే చోట దెబ్బతినడమే ఈ జబ్బట. ఆన్‌లైన్‌లో పట్టీ తెప్పించా. అమ్మ దాన్ని సరిగ్గా నొప్పి ఉన్న ఎముక మీదే కట్టింది, అదీ గట్టిగా బిగించి. వేళ్ళు తిమ్మిరెక్కాయి, నొప్పి మాత్రం అలాగే ఉంది. "డబ్బులు దండగ" అంది. ఫిజియోథెరపిస్ట్ చూసి, ఎముకకి రెండు వేళ్ళ కిందకి, ముంజేతి కండ మీదకి జరిపారు. కండరం లాగే బలం కొంత అక్కడే ఆగుతుంది, దెబ్బతిన్న చోటు దాకా పూర్తిగా రాదు. పడుకునేటప్పుడు తీసేయాలి. పట్టీ నొప్పి తగ్గిస్తుందే కానీ నయం చేయదు, వ్యాయామం చేయాలి, ఆ పని మానాలి అని కూడా చెప్పారు. అమ్మకి మొదటి ముక్కే వినబడింది. పట్టీ కట్టుకుని మళ్ళీ బకెట్ దగ్గరికే వెళ్ళింది.

పోయిన ఆదివారం దుప్పటి నేనే పిండి తీగ మీద ఆరేశా. అమ్మ వచ్చి అంచు పట్టుకుని చూసింది. "ఇంకా నీళ్ళు కారుతున్నాయి కదరా" అంటూ చేయి చాచింది. పట్టీ ఉన్న చెయ్యే.