పడవ ఇంజిన్, విమానం ఇంజిన్

మేం ముగ్గురం కొత్తపట్నం యానాది పిల్లలం. ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం.

2022 డిసెంబర్ 29న కొరిశపాడు హైవే మీద యుద్ధ విమానాలు బాగా కిందికొచ్చి, రయ్‌మని లేచిపోయిన వీడియో హాస్టల్లో చూశాం. ఆ ఇంజిన్లు ఎన్నాళ్లొస్తాయని లెక్చరర్‌ని అడిగాం. ఎన్ని గంటలు తిరిగిందనేదే కాదు, ఎలా నడిపారనేదీ లెక్కేనన్నారు. పవర్ పెంచి తగ్గించినప్పుడల్లా లోపలి టర్బైన్ రెక్కలు వేడికి సాగి, చల్లబడి ముడుచుకుంటాయి. అట్లా సన్న పగుళ్లొస్తాయి. అందుకే రన్‌వే పొడుగ్గా ఉంటే ప్రయాణికుల విమానాలు చాలాసార్లు తక్కువ పవర్‌తోనే లేస్తాయి.

మాకు మా పడవ గుర్తొచ్చింది. ముందు ఒడ్డుకి చేరితే రేటొస్తుందని మా నాయనలు ఫుల్ రైజింగ్‌లో తోలేవాళ్లు. అప్పు చేసి కొన్న ఇంజిన్ పోయిన ఏడాది పట్టేసింది. మా పరీక్ష ఫీజుల డబ్బు రిపేరుకే పోయింది.

సెలవులకెళ్లి చెప్పాం: "నాయనా, స్టార్టవగానే రైజ్ చెయ్యొద్దు, కాస్త వేడెక్కనియ్యి." నవ్వారు. మర్నాడు మాత్రం ఆగారు.

మీ ఇళ్లలో ఆటో, ట్రాక్టరు ఏదున్నా మీరూ చెప్పండి.