కార్డు దిగేలోపు

ఆగస్టు 4, 2025, సోమవారం. రాజమండ్రి

కెమెరా కార్డు నుంచి ఫొటోలు దింపే మా సాఫ్ట్‌వేరుకి మేనేజర్ పంపిన స్క్రీన్ బొమ్మలో, కార్డు పెట్టగానే ముందు ఫారం వస్తుంది. సందర్భం, ఊరు, తీసినవారు, కాపీరైట్, కీవర్డులు. అన్నీ నింపి బటన్ నొక్కితేనే కాపీ మొదలు. హైదరాబాద్ ఆఫీసులో చూస్తే ముచ్చటగానే ఉంది. ఇక్కడ స్టూడియోలో, రాత్రంతా పెళ్లి తీసి పొద్దున్నే రెండు కార్డులతో వచ్చిన కుర్రాడికి మాత్రం అది టోల్‌గేటు. అతనికి కావలసింది కార్డు దిగడం. అందుకని అడ్డమొచ్చిన ప్రతి పెట్టెలోనూ ఓ చుక్క కొట్టి ముందుకు పోతున్నాడు. ఊరు: చుక్క. సందర్భం: చుక్క.

64 జీబీ కార్డు, రీడరు సెకనుకు 90 ఎంబీ లాగితే, నిండుగా ఉన్నది దిగడానికి సుమారు 12 నిమిషాలు. ఆ కాసేపూ కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. అడగాల్సింది అప్పుడు కదా! కార్డు పెట్టగానే కాపీ దానంతటది మొదలైపోవాలి. పక్కన ఫారం తెరిచి ఉండాలి. సగం నింపి టీకి లేచినా ఆ సగం నిలవాలి. కాపీ సరిగ్గా దిగిందని సరిచూశాక, రాసినవన్నీ కాపీల మీదకే ఎక్కాలి. కార్డు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

మేనేజర్‌కి ఫోన్ చేశాను. ముందు అడక్కపోతే ఎవరూ నింపరని ఆయన వాదన. నిజమే, కొందరు నింపరు. ఖాళీ పెట్టెను తర్వాత వెతికి పట్టుకోవచ్చు. చుక్క ఉన్న పెట్టె నిండినట్టే లెక్క, ఏ వెతుకులాటకూ దొరకదు.

ఆగస్టు 5, మంగళవారం

స్టూడియో పెద్దాయన గట్టిగానే అడిగాడు: “మీ సాఫ్ట్‌వేరు పెళ్లిని రెండు ముక్కలు చేసేత్తందేంటండీ అమ్మాయిగారూ?”

చేస్తోంది మరి. ముహూర్తం రాత్రి 11:52కి. జీలకర్రా బెల్లం ఒక తేదీ ఫోల్డర్లో, తలంబ్రాలు మర్నాటి ఫోల్డర్లో. ఫోల్డర్లు తేదీని బట్టి కట్టడం ఈ సాఫ్ట్‌వేర్లన్నిటికీ పుట్టుకతో వచ్చిన అలవాటు. రాత్రి 12 కొట్టగానే రోజు మారాలని కెమెరా అనుకుంటుంది, పెళ్లివారు అనుకోరు. పంచాంగంలో అయినా వారం సూర్యోదయంతోనే మొదలవుతుంది. ‘రోజు ఎన్నింటికి మొదలు?’ అని సెట్టింగుల్లో ఒక చోట ఉంచి, ముందుగా ఉదయం 5 అని పెడదాం. ఫొటోలోని సమయాన్ని ముట్టుకోనక్కర్లేదు, ఫోల్డరు గీత మాత్రం జరిగితే చాలు.

ఇంకో చిక్కు. పెళ్లికూతురి అన్న డల్లాస్ నుంచి తెచ్చిన కెమెరాతో ఇంకో కుర్రాడు తీశాడు. అందులో గడియారం ఇంకా డల్లాస్‌దే. ఈ నెలల్లో పదిన్నర గంటల తేడా, కాబట్టి ముహూర్తం మధ్యాహ్నం 1:22కి జరిగినట్టు చూపిస్తోంది. కెమెరా ఫొటో ఫైల్లోనే సమయం వగైరా రాసే ఎక్సిఫ్ ప్రమాణం 1995లో వచ్చింది. ఫొటో తీసిన సమయం పక్కన అది ఏ దేశపు సమయమో రాసుకునే చోటు 2016లో, 2.31 వెర్షన్‌తో గానీ రాలేదు. చోటు ఉన్నా అక్కడ పడేది కెమెరాలో ఎవరో ఎప్పుడో పెట్టిన సెట్టింగే.

గడియారం జరపడానికి అంకెల పెట్టె వద్దు. అందులోనూ గంటల లెక్కన మాత్రమే జరిపే పెట్టె ఇస్తే, అరగంట తేడా మీద నడిచే మన దేశం మొత్తం బయటే ఉండిపోతుంది. రెండు కెమెరాల్లోనూ ఒకే క్షణం పడ్డ ఫొటోలు, మూడు ముళ్లు వేస్తున్నవే అనుకుందాం, పక్కపక్కన పెట్టి ‘ఈ రెండూ ఒకటే’ అని చెప్పమంటే చాలు. తీసివేత కంప్యూటర్ చేసుకుంటుంది.

ఆగస్టు 7, గురువారం

ఇవాళంతా బైట్ల లెక్క.

పత్రికల ఫొటోల కోసం ఐపీటీసీ సంస్థ 1990ల మొదట్లో పెట్టిన ఐఐఎమ్ పద్ధతిలో ప్రతి పెట్టెకూ కొలత ఉంది. ఊరికి 32 బైట్లు. తీసినవారి పేరుకు 32. ఒక్కో కీవర్డుకు 64. వివరణకు 2000. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు కాబట్టి ఆ కొలతలు పెట్టినవాళ్లకి విశాలంగానే తోచి ఉంటాయి. యూటీఎఫ్-8లో తెలుగుకి హల్లుకి మూడు, గుణింతానికి మూడు, పొల్లుకి మూడు, సున్నకి మూడు. ఒక్క ‘శ్రీ’కే 12 అయిపోతాయి. ఇంటిపేరుతో సహా ఎవరి పేరైనా 32లో పట్టించి చూడండి!

‘రాజమండ్రి’ 27 బైట్లు, పడుతుంది. 2015లో అధికారికంగా పెట్టిన ‘రాజమహేంద్రవరం’ 39. మా టెస్టు ఫైల్లో 32 దగ్గర తెగి, ‘రాజమహేంద్ర’ మిగిలి, దాని తోకన సగం తెగిన ‘వ’ ఒక డొల్ల గడిలా కనిపించింది. అన్నిటికన్నా తమాషా మహబూబ్‌నగర్‌ది. ‘బ్’ కింద ‘న’ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి పెడతాం కదా, దానికీ మూడు బైట్లే. గుర్తు ఉంటే 33, ఒక్క బైటు ఎక్కువ. తీసేస్తే 30, సరిపోతుంది కానీ ఊరి పేరు చదవబుద్ధి కాదు. పైగా గుర్తు ఉన్నదొకటి, లేనిదొకటి రెండు వేర్వేరు కీవర్డులుగా జాబితాలో చేరతాయి. ఉన్నది ఒకటే జిల్లా, వెతికితే సగం ఫొటోలు మాయం. పోల్చేటప్పుడు ఆ గుర్తును లెక్కలోకి తీసుకోకూడదు, రాసేటప్పుడు మాత్రం ఉంచాలి.

2001లో అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ పద్ధతిలో ఈ కొలతల గొడవ లేదు. కానీ కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఇంకా ఐఐఎమ్‌నే చదువుతున్నాయని రెండు చోట్లా రాయడం ఆనవాయితీ. నా మాట: ఎక్స్‌ఎంపీలో పూర్తిగా రాయాలి. ఐఐఎమ్‌లో పట్టకపోతే అక్షరం విరక్కుండా కోయాలి, కోశామని ఫారంలోనే చూపించాలి. అరిచే ఎర్ర అక్షరాలు వద్దు. పెట్టె కింద ‘పాత పద్ధతిలో ఇంతవరకే కనిపిస్తుంది’ అని చిన్న వరస చాలు.

మధ్యాహ్నం కుర్రాడు ఆల్బమ్ పేజీ నుంచి వధూవరుల పేర్లు కాపీ చేసి మా ఫారంలో అతికించాడు. అను ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు ఉన్నచోటే తెలుగు, మా పెట్టెలో పిచ్చిగీతలు. తెలుగునాట డీటీపీ బల్లల మీద ఇంకా అదే రాజ్యం. అతికించిన దాంట్లో ఆ గీతల వరస కనబడితే ‘అను నుంచి మార్చమంటారా?’ అని అడగాలి. ఇది చేస్తే తక్కిన పనులన్నిటికంటే ఎక్కువ దండాలు దీనికే వస్తాయి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. స్టూడియో సగం మూత. పెద్దాయన ఇంట్లో పులిహోర.

ఇంత కష్టపడి రాసిందంతా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే రాలిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. కుర్రాడికి చెప్తే “పార్టీకి ఏటి కావాలండీ మేడమ్, బొమ్మ కనబడితే సాలదా” అన్నాడు. పార్టీకి అక్కర్లేదు నిజమే.

ఆగస్టు 11, సోమవారం

పత్రికకి ఫొటోలిచ్చే విలేకరి ఒకాయన స్టూడియోకి వచ్చాడు. ఆయనకి పెళ్లిళ్ల గొడవ లేదు. వానాకాలమంతా ధవళేశ్వరం బ్యారేజీ. కిందటిసారి నింపినవన్నీ ఫారంలో అలాగే ఉండిపోవాలని ఆయన కోరిక. “ఊరదే, నీళ్లవే, పేరు నాదే. మళ్లీ మళ్లీ కొట్టడమెందుకండీ?”

నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. నిన్న రెండో హెచ్చరిక ఉండి, ఇవాళ తీసేశారనుకుందాం. పెట్టెలో నిన్నటి మాట అలాగే ఉంటే తగ్గిన నీళ్ల ఫొటో రెండో హెచ్చరికతో డెస్కుకు వెళ్తుంది. అక్కడ దాన్ని అనుమానించేవాళ్లు ఉండరు, ఎందుకంటే తప్పు మాట కూడా నిండుగా, పద్ధతిగా, ఆయన పేరుతోనే ఉంటుంది.

మనిషికి సంబంధించినవి, అంటే పేరు, కాపీరైట్, ఫోన్ నంబరు, ఒకసారి రాస్తే నిలవనీ. ఆ రోజుకు సంబంధించినవి ప్రతి కార్డుకీ ఖాళీగానే రావాలి. ఖాళీ పెట్టె పక్కన పాత వివరణలు వాటి తేదీలతో సహా కనిపిస్తాయి, చేత్తో ఎంచుకుంటే వచ్చి కూర్చుంటాయి. ఒక నొక్కు ఎక్కువ. ఆయన మొహం చిట్లించాడు. ఈ ఒక్క విషయంలో వాడేవారి మాట వినదల్చుకోలేదు.

ఆగస్టు 14, గురువారం

పెద్దాయన ఒక అట్టపెట్టె తీశాడు. పాత ప్రింట్లు, స్కాన్ చేసి లోపలికి తేవాలి. ఒకదాని వెనక పెన్సిల్‌తో ‘86 వరద, భద్రాచలం’ అని ఉంది. 75.6 అడుగులు వచ్చిన వరద, గోదావరికి భద్రాచలం దగ్గర ఇప్పటికీ అదే రికార్డు.

రాష్ట్రం పెట్టెలో ఏం రాయాలి? ఆ వేళకి ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ నుంచి తెలంగాణ, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అట్టపెట్టెలో కూనవరం ఫొటోలూ ఉన్నాయి. అదీ అప్పట్లో ఖమ్మం జిల్లాయే, 2014లో తూర్పు గోదావరిలో కలిసింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మ్యాప్ మీద చుక్క పెడితే సాఫ్ట్‌వేరు ఇవాళ్టి పేర్లే తెచ్చి నింపుతుంది. అది తెచ్చిన పేరు బూడిదరంగులో కనిపించాలి, మనిషి ఒప్పుకుంటేనే నల్లబడి ఫైల్లోకి ఎక్కాలి. ఒప్పుకోకుండా వదిలేస్తే ఆ పెట్టె ఖాళీగానే సేవ్ కావాలి. మ్యాప్ చుక్క మాత్రం ఎలాగూ ఉంటుంది, జిల్లాలు ఎన్నిసార్లు మారినా దానికేం కాదు.

తేదీ ఇంకో తలనొప్పి. స్కాన్ చేసిన ఫొటోకి చాలా సాఫ్ట్‌వేర్లు స్కాన్ చేసిన రోజే అంటగడతాయి. సంవత్సరం ఒక్కటే చెబితే జనవరి 1 అని పూరించేవీ ఉన్నాయి. ఐఐఎమ్ నిబంధన ప్రకారం తెలియని నెలకీ రోజుకీ సున్నాలు పెట్టొచ్చు. పెట్టి చూశాను: 19860000. ఒక వ్యూయర్ దాన్ని లెక్కగట్టి, నెల సున్నా అంటే డిసెంబరు, రోజు సున్నా అంటే అంతకు ముందు నెల చివరి రోజు అనుకుని, 1985 నవంబరు 30 అని చూపించింది. వరద రావడానికి ఎనిమిది నెలల ముందే వరద ఫొటో!

ఎక్స్‌ఎంపీలో ‘1986’ అని ఊరికే సంవత్సరం రాసినా చెల్లుతుంది. అక్కడ అదే రాసి, ఐఐఎమ్ తేదీ పెట్టెను అసలు ముట్టుకోకుండా వదిలేద్దామని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. తేదీ పెట్టెలో ఏడాది కొట్టగానే నెల కోసం కర్సర్ దానంతటది పక్కకి దూకడం కూడా ఆపేయమన్నాను.